కట్టిన అంటు, పట్టిన అంటు

మామిడి అంటు కట్టే చోట కాసేపు నిలబడి చూస్తే ఆ పని ఎంత చిన్నదో తెలుస్తుంది. టెంక నుంచి మొలిచిన మొక్క కాండాన్ని ఏటవాలుగా చెక్కుతారు. మంచి రకం కొమ్మను అదే వాలుగా చెక్కి, రెండు గాయాలూ ఒకదానికొకటి ఆనేలా ఒత్తి, పైన ప్లాస్టిక్ పట్టీ బిగించి చుడతారు. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అయితే ఆ సాయంత్రం అడిగితే ఎవరూ అంటు అయిపోయిందని చెప్పరు. "కట్టాం, పట్టాలి" అంటారు. కొన్ని వారాలకు పైకొమ్మ మీద లేత చిగురు కనిపించాకే "పట్టింది" అన్న మాట వస్తుంది. రెండు కర్రలు ఆనుకుని ఉండటం ఒక సంగతి. కింది వేరు తాగిన నీరు పైఆకుకు చేరడం మరో సంగతి. మన భాషలో ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క అక్షరం తేడా.

మెదడు కణాలను ఒకదానికొకటి అంటిపెట్టే ప్రోటీన్ల గురించి పాతికేళ్లుగా నడుస్తున్న చర్చలో అసలు చిక్కు ఈ అక్షరం దగ్గరే ఉందని నా అభిప్రాయం. ఆ సంగతి చెప్పడానికి రెండు పరిశోధన వ్యాసాలను పక్కపక్కన పెట్టి చదువుతాను. రెండూ ఒకే ప్రోటీన్ కుటుంబం గురించినవే. రెండూ పేరున్న పత్రికల్లో వచ్చాయి, రెండూ జాగ్రత్తగా చేసిన పనులే. అయినా ఒకటి చదివి పక్కన పెట్టి రెండోది అందుకుంటే, రెండూ ఒకే ప్రోటీన్ గురించి చెబుతున్నాయా అన్న అనుమానం వస్తుంది.

ముందు కొంచెం పూర్వకథ. మెదడు అంతా తెగని ఒకే వల అని ఇటలీ శాస్త్రవేత్త కామిల్లో గాల్జీ నమ్మాడు. కాదు, ఏ కణానికి ఆ కణం విడిగానే ఉంటుందని స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ కహాల్ అన్నాడు. 1906లో నోబెల్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కహాల్ పక్షాన తీర్పు చెప్పింది. ఒక నాడీకణం మరో నాడీకణంతో మాట్లాడే చోట, అంటే సైనాప్స్ అనే సంధి దగ్గర, నిజంగానే సందు ఉంది. దాని వెడల్పు సుమారు 20 నానోమీటర్లు, మిల్లీమీటరును యాభై వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. పంపే కణం చివర చిన్నచిన్న సంచుల్లో రసాయనం ఉంటుంది. విద్యుత్ సంకేతం రాగానే సంచి పగిలి రసాయనం సందులోకి చిమ్ముతుంది. అవతలి కణం మీద గ్రాహకాలు దాన్ని పట్టుకుంటాయి.

ఈ ఏర్పాటు పనిచేయాలంటే పంపే గుమ్మం, అందుకునే గుమ్మం సరిగ్గా ఎదురెదురుగా నిలవాలి. వాటిని అలా నిలిపేవి రెండు వైపుల నుంచీ సందులోకి చేతులు చాచి పట్టుకునే ప్రోటీన్లు. వాటినే ఇక్కడ అంటు ప్రోటీన్లు అంటున్నాను. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చిన జంట న్యూరెక్సిన్, న్యూరోలిగిన్.

న్యూరెక్సిన్ సాలీడు విషం వెంట పడి పోతుంటే దొరికింది. బ్లాక్ విడో అనే సాలీడు విషం తగిలితే నాడీ చివరలు తమ సంచుల్లో ఉన్నదంతా కుమ్మరించేస్తాయి. ఆ విషం కణం మీద ఎక్కడ అంటుకుంటుందో వెతుకుతూ, అప్పట్లో అమెరికాలో డల్లాస్‌లో పనిచేస్తున్న థామస్ సూడ్‌హోఫ్ బృందం 1992లో న్యూరెక్సిన్‌ను కనుక్కుంది. దాన్ని అవతలి గట్టు నుంచి పట్టుకునే జోడీ న్యూరోలిగిన్ 1995లో అదే బృందానికి దొరికింది. పంపే వైపు న్యూరెక్సిన్, అందుకునే వైపు న్యూరోలిగిన్. ఇక మిగిలిన ప్రశ్న ఈ చేతులు కలిస్తే ఏమవుతుందన్నది.

పళ్లెంలో దొరికిన జవాబు

మొదటి వ్యాసం 2000 జూన్‌లో 'సెల్' పత్రికలో వచ్చింది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టిటో సెరాఫిని ప్రయోగశాల నుంచి పీటర్ షైఫెల్ మొదటి రచయితగా రాసినది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద ప్రశ్న అడిగిన ప్రయోగాలు అరుదు.

చుంచెలుక మెదడులో పాన్స్ అనే భాగం నుంచి చిన్న ముక్క తీసి గాజు పళ్లెంలో పెంచారు. అందులోంచి ఆక్సాన్లు, అంటే సంకేతాలు పంపే పొడవాటి తంతువులు, చుట్టూ పాకాయి. ఆ దారిలో మెదడుతో పొత్తు లేని మనిషి మూత్రపిండ కణాలను ఉంచారు. మామూలుగా వాటి మీదుగా పాకే ఆక్సాన్ ఏమీ పట్టించుకోకుండా సాగిపోతుంది. ఆ కణాలకు న్యూరోలిగిన్ జన్యువును అందించి, వాటి పైపొర మీద ఆ ప్రోటీన్ కనబడేలా చేశాక పరిస్థితి మారిపోయింది. తంతువు ఆ కణాన్ని తాకిన చోటల్లా ఆగి, అక్కడ రసాయన సంచులు పోగేసుకుంది. రంగు వేసి చూస్తే సంచులతో ఉండే ప్రోటీన్లు చుక్కలు చుక్కలుగా మెరిశాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఆ చుక్కల్లో సంచుల గుంపులు కనిపించాయి. పళ్లెంలోకి విడిగా న్యూరెక్సిన్ ముక్కలను కరిగించి వదిలితే అవి న్యూరోలిగిన్ చేతులను ముందే పట్టేసుకున్నాయి, చుక్కలు ఏర్పడటం తగ్గింది.

ఆ ఫోటోలు చూసిన ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. ఒక మూత్రపిండ కణం, ఒకే ఒక ప్రోటీన్ తొడుక్కుని, నాడీ తంతువును నమ్మించింది. ఇక్కడ సంధి కట్టుకోవచ్చని ఆ తంతువుకు చెప్పడానికి ఒక్క న్యూరోలిగిన్ సరిపోయింది.

విమర్శకుడిగా నేను ఆగేది ఇక్కడే. ఈ వ్యాసం అడిగిన ప్రశ్న "ఇది ఉంటే చాలా?" అన్నది. దానికి అవునన్న జవాబు వచ్చింది. శీర్షికలోనూ వాళ్లు హద్దు దాటలేదు. తాకిన తంతువులో పంపే వైపు ఎదుగుదలను న్యూరోలిగిన్ మొదలుపెట్టిస్తుందని మాత్రమే అన్నారు. ఇది లేకపోతే సంధి ఏర్పడదని ఎక్కడా అనలేదు. ఆ రెండో మాట చదివినవాళ్లు చేర్చుకున్నది. 'సంధులను పుట్టించే ప్రోటీన్' అన్న బిరుదు ఆ తర్వాత చాలా చోట్ల వినబడింది.

ప్రయోగంలోనే ఉన్న రెండు పరిమితులనూ చెప్పుకోవాలి. ఒకటి, పళ్లెంలోని ఆక్సాన్‌కు ఎంచుకునే వీలు లేదు. మెదడులో దానికి వేల గుమ్మాలు ఎదురవుతాయి, ఇక్కడ ఉన్నది ఒకటే, అదీ న్యూరోలిగిన్‌ను పైపొర మీద దండిగా పరిచిన గుమ్మం. అసలు ఆక్సాన్ ఎంత ఆత్రగాడంటే, తగిన రసాయనపు పూత పూసిన పూసను తాకినా సంచులు పోగేస్తుందని 1980 ప్రాంతంలోనే గమనించారు. రెండోది, మూత్రపిండ కణం అన్న పేరు. 1973 నాటికి నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం చేసిన 293వ ప్రయోగంలో ఆ కణాల వంశం మొదలైంది, అందుకే వాటి పేరులో ఆ అంకె ఉంది. ఆ కణాలు నాడీకణాల్లో ఉండే కొన్ని ప్రోటీన్లను కూడా తయారుచేస్తాయని 2002లో తేలింది. ఇది బర్క్‌లీ ఫలితాన్ని కొట్టేయదు, ఎందుకంటే న్యూరోలిగిన్ ఇవ్వని అవే కణాలు తంతువును ఆపలేకపోయాయి. కానీ మెదడుతో ఏ పొత్తూ లేని కణమన్న మాటను మాత్రం కొంచెం మెత్తబరచుకోవాలి.

ఎలుకలో దొరికిన జవాబు

రెండో వ్యాసం 2006 సెప్టెంబరులో 'న్యూరాన్' పత్రికలో వచ్చింది. జర్మనీలో గోటింగెన్ పట్టణంలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో నిల్స్ బ్రోస్ నడిపించిన పని, మొదటి రచయిత్రి ఫ్రెడరిక్ వారోకో. రచయితల వరుసలో థామస్ సూడ్‌హోఫ్ పేరు కూడా ఉంది. న్యూరోలిగిన్‌ను వెలికి తీసి పేరు పెట్టినవాళ్లే దాని గురించి పెరిగిపోయిన మాటను సరిదిద్దడానికి పూనుకున్నారన్నమాట. తమ బిడ్డ గొప్ప తగ్గుతుందని వెనకాడని ఆ నిజాయితీని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

వాళ్లు ప్రశ్నను తిరగేశారు. "ఇది లేకపోతే జరగదా?" అని అడిగారు. చుంచెలుకలో న్యూరోలిగిన్ 1, 2, 3 అనే రకాల జన్యువులు మూడింటినీ పనిచేయకుండా చేశారు. పిల్లలు పుట్టాయి, కానీ ఊపిరి తీయలేక కాసేపటికే చనిపోయాయి. మెదడు కాండంలో ఊపిరిని నడిపే కేంద్రం నుంచి పలచటి ముక్క కోసి, ఒక్కో కణం మీద సన్నని ఎలక్ట్రోడ్ ఆనించి విన్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలో ఆ కణాల మధ్య సంకేతాలు గలగలమంటాయి. ఈ పిల్లల్లో ఆ సందడి అణగిపోయింది. కణాన్ని రెచ్చగొట్టే సంకేతాలు తగ్గాయి, కణాన్ని ఆపే సంకేతాలూ తగ్గాయి. ఊపిరికి లయ కట్టే కేంద్రం తన లయనే నిలబెట్టుకోలేకపోయింది.

మరి సంధులు? వాళ్లు ఓపికగా లెక్కపెట్టారు. మెదడులోనూ, పళ్లెంలో పెంచిన నాడీకణాల్లోనూ. సంధుల సాంద్రత మారలేదు. ఇదే ఈ వ్యాసానికి గుండెకాయ. ఎదురెదురు గుమ్మాలు ఉన్నాయి, మధ్యలో సందు ఉంది, సంచులూ ఉన్నాయి. కానీ మాట అవతలికి సరిగ్గా అందలేదు. మన మాటలో చెప్పాలంటే అంటు కట్టే ఉంది, పట్టలేదు.

అందుకే ఆ వ్యాసం శీర్షికలో న్యూరోలిగిన్లు సంధుల పక్వతనూ పనినీ నిర్ణయిస్తాయన్నారు. పుట్టుక ఊసే లేదు. బర్క్‌లీ వ్యాసం క్రియ 'మొదలుపెట్టించడం'. గోటింగెన్ వ్యాసం క్రియ 'నిర్ణయించడం'. ఆరేళ్లలో అదే ప్రోటీన్ మంత్రసాని కొలువు నుంచి సాకే తల్లి కొలువుకు మారింది.

ఈ రెండో వ్యాసాన్నీ విమర్శ లేకుండా ఒప్పుకోలేం. చుంచెలుకలో సంధుల్లో ఎక్కువ భాగం పుట్టిన తర్వాతి వారాల్లో ఏర్పడతాయి. పుట్టీ పుట్టగానే చనిపోయిన పిల్ల మెదడు ఆ తర్వాతి కథ చెప్పలేదు. పళ్లెంలో పెంచిన కణాలు ఆ లోటును కొంత పూడుస్తాయి గానీ, అలాంటి పళ్లెం పరిమితులను మొదటి వ్యాసం దగ్గరే చూశాం. ఇంకో సంగతి, 2006లో మూడు జన్యువులు తీసేస్తే చుంచెలుకలో న్యూరోలిగిన్ ఇక లేనట్టే అనుకున్నారు. నాలుగోది దానిలోనూ ఉందని 2008లో తెలిసింది. అది తక్కువ మోతాదులోనే ఉంటుంది కాబట్టి ఫలితం తలకిందులు కాదు. పైగా సందులో చేతులు చాచేవి న్యూరోలిగిన్లు మాత్రమే కావు. న్యూరెక్సిన్‌నే పట్టుకునే ఇతర ప్రోటీన్లున్నాయి, అసలు న్యూరెక్సిన్‌తో పని లేని జంటలూ ఉన్నాయి. ఒకరు రాకపోతే ఇంకొకరు పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డారేమో. సంధుల లెక్క తగ్గలేదంటే న్యూరోలిగిన్‌కు కట్టడంలో పాత్రే లేదని అర్థం చేసుకోనక్కర్లేదు.

పక్కపక్కన పెడితే

ఇప్పుడు రెండూ ఎదురెదురుగా పెట్టి చూడండి. బర్క్‌లీ వాళ్లు లేని చోట ఒకటి చేర్చారు, గోటింగెన్ వాళ్లు ఉన్న చోట నుంచి తీసేశారు. బర్క్‌లీ వాళ్లు ప్రధానంగా చుక్కలు లెక్కపెట్టారు. గోటింగెన్ వాళ్లు చుక్కలు లెక్కపెట్టి, అక్కడితో ఆగకుండా వాటి మధ్య నడిచే మాట విన్నారు. మొదటి వ్యాసానికి సాక్షి ఒక్క తంతువు. రెండోదానికి సాక్షి ఊపిరి అందక చనిపోయిన ఒక ప్రాణి. మొదటిది 'చాలు' అన్న మాటకు రుజువు చూపింది. రెండోది 'తప్పనిసరి' అన్న మాటను సంధి పుట్టుక నుంచి తీసి సంధి పనికి అంటగట్టింది. తర్కంలో ఈ రెంటికీ తగువు లేదు. ఒక గదికి రెండు తలుపులుంటే ఒక్కో తలుపూ లోపలికి పోవడానికి చాలు, ఏ ఒక్కటీ తప్పనిసరి కాదు.

తగువు తర్కంలో లేకపోయినా మన మనసుల్లో ఉంది. కంటికి కనిపించే చుక్క పక్కన వినవలసిన మాట తేలిపోతుంది. రంగుల ఫోటో పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కుతుంది. ఎలక్ట్రోడ్ గీసిన వణుకు గీత లోపలి పేజీల్లో ఉండిపోతుంది. అందుకే అతుకు దొరకగానే సంభాషణ కూడా దొరికినట్టు భ్రమ పడతాం. గోటింగెన్ వ్యాసం చేసిన అసలు మేలు ఆ భ్రమను తొలగించడం.

ఈ రెంటి మధ్య వంతెన వేయాలని చూసిన మూడో వ్యాసం ఒకటి ఉంది. 2012లో హార్వర్డ్‌లో బెర్నార్డో సబాటిని బృందం 'నేచర్ న్యూరోసైన్స్'లో రాసింది. మెదడు అంతటా న్యూరోలిగిన్ 1 లేకపోతే సంధుల లెక్క మారలేదు. చుట్టుపక్కల కణాలన్నిటికీ ఉండి, ఏ ఒక్క కణానికో తగ్గితే మాత్రం ఆ కణానికి సంధులు తగ్గాయి. అంటే లెక్క పోటీని బట్టి ఉంటుందన్నమాట. ఊరంతటికీ కాలువ నీరు తగ్గితే వంతు మారదు, ఒక్క చేనుకు గట్టు తెగితేనే నీరు పక్క చేలోకి పోతుంది. చూడటానికి ఎంతో అందమైన రాజీ ఇది. అయితే ఈ పనిలో జన్యువును తీసేయకుండా దాని సందేశాన్ని అణచే పద్ధతినీ వాడారు. జన్యువునే తీసేసి చూసిన తర్వాతి ప్రయోగాల్లో కొన్నిటిలో సంధుల లెక్కలో అలాంటి తగ్గుదల కనిపించలేదు. ఆ వాదం ఇంకా తెగలేదు. అందంగా కుదిరిందన్న ఒక్క కారణంతో దాన్ని ఒప్పేసుకుంటే మొదటి వ్యాసం దగ్గర చేసిన తప్పే మళ్లీ చేసినవాళ్లమవుతాం.

ఇదంతా ప్రయోగశాలల్లో పండితుల గొడవ అనుకుని వదిలేయలేం. 2003లో పారిస్‌లోని పాస్టర్ సంస్థలో థామస్ బూర్జెరోన్ బృందం, ఆటిజం ఉన్న అన్నదమ్ములు కొందరిలో న్యూరోలిగిన్ 3, 4 జన్యువుల్లో మార్పులు చూపింది. ఒక మార్పులో న్యూరోలిగిన్ 3 గొలుసులోని 451వ పూస ఒక్కటే మారింది. అదే మార్పును 2007లో సూడ్‌హోఫ్ బృందం చుంచెలుకలో పెట్టి చూసింది. మెదడు పైపొరలో కణాలను ఆపే సంకేతాలు పెరిగాయి. మూడు జన్యువులు పోతే మాట అణగిపోయింది. ఒక్క పూస మారితే మాటల్లో ఒక పక్షం గొంతు పెరిగింది. సంధులున్నాయా అన్న లెక్కతో ఈ తేడా దొరకదు. ఇలాంటి మార్పులు ఆటిజం ఉన్నవాళ్లలో చాలా అరుదు. అందుకే, ఆటిజానికి కారణం దొరికిందన్న శీర్షిక చూసి ఒక తల్లి మనసు ఊయలూగిన ప్రతిసారీ, ఆ శీర్షిక రాసినవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. వాళ్లు కట్టుకూ పట్టుకూ తేడా చూపించి ఉంటే ఆ తల్లికి అబద్ధపు ఆశా, అనవసరపు అపరాధ భావమూ తప్పేవి.

నా తీర్పు

రెండు వ్యాసాల్లో ఏది గొప్పదని అడిగితే గోటింగెన్ వైపు మొగ్గుతాను, ఒక షరతుతో. బర్క్‌లీ వ్యాసం లేకపోతే గోటింగెన్ వాళ్లు సంధులను లెక్కపెట్టాలని అంత పట్టుబట్టి ఉండేవాళ్లు కాదు. లెక్క మారలేదన్న జవాబుకు అంత బరువూ వచ్చేది కాదు. మొదటి వ్యాసం అంత గట్టిగా చెప్పింది గనకే రెండో వ్యాసం దాన్ని సరిదిద్దగలిగింది. అయితే మెదడును అర్థం చేసుకోవడానికి దారి చూపింది రెండోదే. నాడీకణాలు దగ్గరకు రావడానికి దారులు చాలా ఉన్నాయి. దగ్గరకొచ్చాక ఎంత గట్టిగా, ఎంత మెల్లగా, ఏ పాళ్లలో మాట్లాడుకోవాలో తీర్చిదిద్దడమే అంటు ప్రోటీన్ల పెద్ద పని. అతుకు ఆ సంభాషణకు పరిచిన చాప.

రెండు దారులూ కలిసిన పని 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయంలో మిచిసుకె యుజాకి, కేంబ్రిడ్జ్‌లో రాడు అరిచెస్కు, జర్మనీలో అలెగ్జాండర్ దిత్యాతెవ్ బృందాలు కలిసి చేసినది. రెండు సహజ ప్రోటీన్ల ముక్కలు అతికి ఒక కొత్త ప్రోటీన్ తయారుచేశారు. దాని ఒక చేయి పంపే వైపున మన న్యూరెక్సిన్‌నే పట్టుకుంటుంది, మరో చేయి అందుకునే వైపున గ్రాహకాలను పట్టుకుంటుంది. చిన్నమెదడులో సంధులు సరిగ్గా లేక తూలుతూ నడిచే చుంచెలుకకు దాన్ని ఎక్కించారు. ఒక ప్రోటీన్ చేర్చి చూడటం బర్క్‌లీ పద్ధతి. బతికున్న ప్రాణిని సాక్షిగా నిలబెట్టడం గోటింగెన్ పట్టుదల. ఇది మనుషులకు మందు కాదు, అవుతుందన్న హామీ కూడా ఇంకా లేదు.

ఈ వ్యాసం నాకు నచ్చడానికి కారణం వాళ్లు ఆగిన చోటు. మైక్రోస్కోపు కింద సంధులు పెరిగాయని చూశారు. అది చూసి చాలు అనుకోలేదు. ఆ ఎలుకను నేల మీద నడిపించి, తూలుడు తగ్గిందా లేదా అని దాని అడుగులు కొలిచారు.